ఎంబెడెడ్ తెరల కోడులో పిల్ల విడ్జెట్లు, లింకర్ దోషాలు

వాషింగ్ మెషిన్ ప్యానెల్, గోడ మీది థర్మోస్టాట్, ఫ్యాక్టరీ కంట్రోలర్ లాంటి పరికరాల చిన్న తెరల మీద కనిపించే ప్రతి బటనూ, లేబులూ, స్లయిడరూ ప్రోగ్రాములో ఒక విడ్జెట్. ఒక విడ్జెట్ లోపల కూర్చున్న మరో విడ్జెట్‌ను దాని పిల్ల అంటారు. బటన్‌కి దాని మీది లేబుల్ పిల్ల, ప్యానెల్‌కి అందులోని బటన్ పిల్ల. ఈ పిల్లను పట్టుకుని దాని రాతో రంగో మార్చడానికి రాసిన కోడు కంపైలర్‌ని సాఫీగా దాటి, బిల్డ్‌లో చివరి మెట్టయిన లింకర్ దగ్గర ఆగిపోతూ ఉంటుంది. గ్నూ లింకర్ దీన్ని ‘అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్’ అంటుంది. కైల్ వాడేవారికి ఎల్6218ఈ, ఐఏఆర్‌లో ఎల్ఐ005, విండోస్ సిమ్యులేటర్‌ను విజువల్ స్టూడియోలో కట్టేవారికి ఎల్ఎన్‌కే2019 అనే నంబర్లు కనిపిస్తాయి. నాలుగూ చెప్పేది ఒకటే: ఫలానా పేరును ఎవరో పిలిచారు, ఆ పేరుగలది ఎక్కడా దొరకలేదు.

పేర్ల పట్టిక, విడ్జెట్ల చెట్టు

సి కంపైలర్ ఒక్కో ఫైలును విడిగా చదువుతుంది. పక్క ఫైలులో ఏముందో దానికి తెలియదు. హెడర్‌లో ఒక ఫంక్షన్ ప్రకటన కనిపిస్తే చాలు, అలాంటిది ఎక్కడో ఉందని నమ్మి, పిలిచే చోట చిరునామా ఖాళీగా వదిలి, ఆ పేరును ఆబ్జెక్ట్ ఫైలులోని పట్టికలో ‘కావలసినవి’ కింద రాసి పెడుతుంది. లింకర్ పని ఆ ఖాళీలు పూరించడం. అన్ని ఆబ్జెక్ట్ ఫైళ్ల పట్టికలనూ ముందేసుకుని, కావలసిన ప్రతి పేరుకీ ఇచ్చేవాడు ఒక్కడున్నాడా అని చూస్తుంది. ఎవరూ లేకపోతే ఒక రకం దోషం, ఇద్దరుంటే మరో రకం.

పిల్ల విడ్జెట్ మాత్రం ఈ పట్టికలో ఉండదు. అది పరికరం స్విచ్ వేశాక, ప్రోగ్రాము నడుస్తూ ఉండగా, మెమరీలో అప్పటికప్పుడు పుట్టేది. చిన్న తెరల మీద విడ్జెట్లు గీసే ఎల్‌వీజీఎల్ లైబ్రరీ అయితే తనకు కేటాయించుకున్న మెమరీలోంచి (ఎనిమిదో వెర్షన్ నమూనా కాన్ఫిగరేషన్‌లో ఇది 48 కిలోబైట్లు, తొమ్మిదిలో 64) ఒక ముక్క తీసి విడ్జెట్‌ను తయారుచేసి, దాన్ని తల్లి విడ్జెట్ పిల్లల వరసలో చేరుస్తుంది. లింకర్ పని ముగిసే సమయానికి ఈ చెట్టు ఇంకా మొలవనే లేదు. కాబట్టి పిల్ల కనపడలేదని లింకర్ ఎన్నడూ ఫిర్యాదు చేయదు. దాని ఫిర్యాదు ఎప్పుడూ రెండింటిలో ఒకదాని మీదే: పిల్లను తెచ్చిచ్చే ఫంక్షన్ మీద, లేదా పిల్ల చిరునామాను దాచుకున్న గ్లోబల్ పాయింటర్ మీద. తెర డిజైన్‌లో తప్పుందేమోనని విడ్జెట్లను తీసి మళ్లీ పెట్టేవారు చాలామంది ఉంటారు. ఆ శ్రమంతా వృథా, లింకర్ ఆ డిజైన్‌ను చూడనే లేదు.

ఎల్‌వీజీఎల్‌లో పేర్లు మారిన తీరు

హంగరీకి చెందిన గాబోర్ కిస్-వామోషి 2016లో మొదలుపెట్టిన ఎల్‌వీజీఎల్ మొదట లిటిల్‌వీజీఎల్ అనే పేరుతో ఉండేది. సి భాషలో రాసిన ఈ లైబ్రరీ ఎంఐటీ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతుంది. మైక్రోకంట్రోలర్ తెరల మీద నేడు విరివిగా కనిపిస్తుంది కనుక, పిల్ల విడ్జెట్ల గొడవకు కూడా ఇదే మంచి ఉదాహరణ.

ఇందులో పిల్లను అడిగే ముఖ్యమైన ఫంక్షన్ ఎల్‌వీ_ఆబ్జ్_గెట్_చైల్డ్. ఏడో వెర్షన్‌లో దీనికి తల్లినీ, అంతకుముందు దొరికిన పిల్లనూ ఇచ్చేవారు. రెండో స్థానంలో నల్ ఇస్తే అందరికంటే చివర పుట్టిన పిల్ల వచ్చేది. 2021లో వచ్చిన ఎనిమిదో వెర్షన్ రెండో స్థానంలో వరస సంఖ్య అడిగింది: సున్నా అంటే మొదట పుట్టిన పిల్ల, మైనస్ ఒకటి అంటే చివరిది. పిల్లల లెక్క చెప్పే ఫంక్షన్ ఏడులో ఎల్‌వీ_ఆబ్జ్_కౌంట్_చిల్డ్రన్, ఎనిమిదిలో ఎల్‌వీ_ఆబ్జ్_గెట్_చైల్డ్_సీఎన్‌టీ, 2024లో విడుదలైన తొమ్మిదిలో ఎల్‌వీ_ఆబ్జ్_గెట్_చైల్డ్_కౌంట్. పెద్ద పిల్లతో మొదలుపెట్టి నడిచే ఎల్‌వీ_ఆబ్జ్_గెట్_చైల్డ్_బ్యాక్ ఎనిమిదితోనే పోయింది.

పాత పేరుతో రాసిన కోడుకు కొత్త లైబ్రరీ తగిలిస్తే అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్ వస్తుంది. ఇది ఊహించగలిగేదే. తొమ్మిదో వెర్షన్‌తో పాటు ఒక హెడర్ వస్తుంది, అది పాత పేర్లను మాక్రోలుగా కొత్త పేర్లకు మళ్లిస్తుంది. కోడు మొత్తం తాజాగా కంపైల్ చేస్తే పాత సీఎన్‌టీ పేరు కూడా పనిచేస్తుంది. కానీ ఎనిమిదో వెర్షన్ హెడర్లతో ముందే కంపైలై డాట్ ఏ ఫైలుగా చేతికి వచ్చిన లైబ్రరీ ఒకటి బిల్డ్‌లో ఉంటే ఈ మళ్లింపు దానికి అందదు. మాక్రో కంపైలర్ కంటే ముందే కరిగిపోయే సంగతి. లింకర్ దాని ముఖం కూడా చూడదు. ‘హెడర్‌లో పేరు ఉంది కదా, ఎందుకు దొరకలేదు’ అని తల పట్టుకునే సందర్భాల్లో ఇదొకటి.

అంతకంటే ప్రమాదకరమైనది దోషమే రాకపోవడం. ఏడో వెర్షన్ కోడులో తల్లి, నల్ అని రాసిన పిలుపును ఎనిమిదితో కడితే, పాత సి కంపైలర్ (గ్నూ వారి జీసీసీలో 13వ వెర్షన్ వరకు) నల్‌ను సున్నాగా తీసుకుని ఒక హెచ్చరికతో సరిపెడుతుంది. పేరు అదే కనుక లింకర్ మారుమాట్లాడదు, ఎందుకంటే సి భాషలో సింబల్‌తో పాటు ఆర్గ్యుమెంట్ల రకాలు ప్రయాణం చేయవు. అప్పటిదాకా చివరి పిల్లను ఇచ్చిన వాక్యం ఇప్పుడు మొదటి పిల్లను ఇస్తుంది. ఉష్ణోగ్రత రావలసిన చోట శీర్షిక మారిపోతుంది. లింకర్ దోషాన్ని తిట్టుకునేవారు దీన్ని ఒకసారి అనుభవిస్తే, ఆ ఎర్ర అక్షరాల మీద ప్రేమ పుడుతుంది.

కాంపొనెంట్ లోపలి పిల్లలు

స్క్వేర్‌లైన్ స్టూడియో అనేది ఎల్‌వీజీఎల్ తెరలను మౌస్‌తో గీసి, సి కోడుగా ఎగుమతి చేసుకునే ఎడిటర్. మామూలుగా తెర మీద పెట్టిన ప్రతి విడ్జెట్‌కీ అది యూఐ అనే మొదలుతో ఒక గ్లోబల్ పాయింటర్ తయారుచేసి, హెడర్‌లో ఎక్స్‌టర్న్‌గా ప్రకటిస్తుంది. కాబట్టి ఏ ఫైలులోంచైనా ఆ హెడర్ తెచ్చుకుని పేరుతో నేరుగా వాడుకోవచ్చు. అలవాటు అక్కడ పడుతుంది.

ఒకే రకం ముక్కను పదిచోట్ల వాడాలనుకున్నప్పుడు దాన్ని కాంపొనెంట్‌గా మారుస్తారు. ఒక థర్మోస్టాట్ తెర మీద మూడు గదులకు మూడు కార్డులు ఉన్నాయనుకుందాం. ప్రతి కార్డులో గది పేరు, ఉష్ణోగ్రత, ఒక స్విచ్. కార్డు కాంపొనెంట్ అయిన క్షణం నుంచి దాని లోపలి లేబుల్‌కి గ్లోబల్ పేరు లేదు. ఎగుమతైన కోడులో ఆ లేబుల్, కార్డును సృష్టించే ఫంక్షన్‌లో సీయూఐ మొదలుతో ఉన్న ఒక లోకల్ వేరియబుల్ మాత్రమే. ఫంక్షన్ ముగిసీ ముగియగానే ఆ పేరు పోతుంది. ఉండి తీరాలనుకున్నా కుదరదు, మూడు కార్డులుంటే ఒక పేరు ఏ కార్డు లేబుల్‌ని చూపాలి?

ఇక్కడే పాత అలవాటు దెబ్బ తీస్తుంది. తన ఫైలులో ఎక్స్‌టర్న్ అని చేత్తో రాసుకుని, యూఐ_రూమ్‌కార్డ్_లేబుల్ లాంటి ఊహించిన పేరు వాడితే కంపైలర్ నమ్మేస్తుంది, లింకర్ నమ్మదు. చేత్తో రాసిన ఎక్స్‌టర్న్ ప్రకటన నా దృష్టిలో తీర్చే ఉద్దేశం లేకుండా రాసిచ్చిన ప్రోనోటు. హెడర్ తెచ్చుకుని ఉంటే ఇదే తప్పు కంపైలర్ దగ్గరే, పంక్తి నంబరుతో సహా బయటపడేది.

సరైన దారి యూఐ_కాంప్_గెట్_చైల్డ్ అనే సహాయ ఫంక్షన్. దానికి కార్డు పాయింటర్‌నూ, పిల్ల సంఖ్యనూ ఇవ్వాలి. సంఖ్యలకు కాంపొనెంట్ హెడర్‌లో మాక్రో పేర్లు ఉంటాయి, సున్నా కార్డుదే, ఆ తర్వాతవి లోపలివాళ్లవి. లోపల జరిగే పని ఆసక్తికరం: కార్డు పుట్టినప్పుడే దాని పిల్లల చిరునామాలన్నీ ఒక వరసలో దాచి, ఆ వరసను ఒక ఈవెంట్ కాల్‌బ్యాక్‌కి అప్పగిస్తారు. గెట్_చైల్డ్ పిలిచినప్పుడు ఆ కార్డుకు ఒక ప్రత్యేక ఈవెంట్ వెళ్తుంది, కాల్‌బ్యాక్ వరసలోంచి తగిన చిరునామా తీసి ఇస్తుంది. ఆ ఈవెంట్ నంబరును యూఐ_ఇనిట్ ఫంక్షన్ నమోదు చేస్తుంది, దాన్ని దాచే వేరియబుల్ మరో గ్లోబల్ సింబల్. అంటే ఒక్క పిల్ల కోసం లింకర్‌కి కనీసం రెండు పేర్లు దొరకాలి. రెండూ యూఐ_కాంప్ అనే డాట్ సి ఫైలులో ఉంటాయి. ఆ ఫైలు బిల్డ్‌లో లేకపోతే రెండు పేర్ల మీదా దోషాలు వరసగా వస్తాయి. జాబితాలో ఈ జంట కనిపిస్తే ఇంకేమీ వెతకక్కర్లేదు.

ఫైలు ఉంది, బిల్డ్‌లో లేదు

ఫైలు ఉండీ బిల్డ్‌లోకి రాకపోవడం ఈ రకం దోషాలకు తరచుగా కారణమవుతుంది. స్క్వేర్‌లైన్ ఎగుమతిలో కాంపొనెంట్ల ఫైళ్లు కాంపొనెంట్స్ అనే లోపలి ఫోల్డరులోకి వెళ్తాయి. ఆర్డువినో స్కెచ్ ఫోల్డరులో పైపొరలో ఉన్న ఫైళ్లనూ, ఎస్ఆర్‌సీ అనే పేరుగల ఫోల్డరులోని వాటినీ మాత్రమే కంపైల్ చేస్తుంది. మిగతా లోపలి ఫోల్డర్లను ముట్టుకోదు. హెడర్‌ను దారి రాసి తెచ్చుకోవచ్చు కనుక కంపైలర్‌కి లోటు తెలియదు. ఎల్‌వీజీఎల్ డెమో ఫంక్షన్లు ఆర్డువినోలో దొరకకపోవడానికీ కారణం ఇదే: డెమోస్ ఫోల్డరును లైబ్రరీలోని ఎస్ఆర్‌సీ కిందికి కాపీ చేసుకోవాలి.

ఈఎస్‌పీ32 చిప్పులకు వాడే ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లో తంటా వేరు. అక్కడ ప్రతి భాగానికీ సీమేక్‌లిస్ట్స్ ఫైలులో సోర్సుల జాబితా ఇస్తారు, లేదా ఫోల్డరు చూపించి అందులోని అన్నిటినీ తీసుకోమంటారు. రెండో పద్ధతిలో ఆ గాలింపు సీమేక్ నడిచినప్పుడే జరుగుతుంది. నిన్న కట్టిన ప్రాజెక్టులోకి ఇవాళ ఎడిటర్ నుంచి కొత్త ఫైలు వచ్చి పడితే మామూలు బిల్డ్‌కి దాని ఊసే తెలియదు. రీకన్ఫిగర్ ఆదేశం ఇస్తేనో బిల్డ్ ఫోల్డరు తుడిచేస్తేనో తెలుస్తుంది. ‘క్లీన్ చేస్తే పోయింది, ఎందుకో తెలియదు’ అనే మాట వెనక చాలాసార్లు ఉన్నది ఈ సంగతే. ఎక్లిప్స్ మీద నిలిచిన ఎస్‌టీఎం32క్యూబ్‌ఐడీఈలో ఫోల్డరును బిల్డ్ నుంచి మినహాయించే టిక్కు ఒకటి ఉంటుంది. ఫోల్డరు తెర మీద కనిపిస్తూనే ఉన్నా బిల్డ్‌కి పనికిరాదు.

స్టాటిక్ లైబ్రరీల వరస మరో ఉపకారణం. గ్నూ లింకర్ ఆదేశ పంక్తిని ఎడమ నుంచి కుడికి చదువుతూ, లైబ్రరీలోంచి ఆ క్షణానికి కావలసిన సభ్యులనే తీసుకుంటుంది. విడ్జెట్ లైబ్రరీ ముందొచ్చి, దాన్ని పిలిచే తెరల లైబ్రరీ తర్వాత వస్తే, అడిగేసరికి ఇచ్చేవాడు వెళ్లిపోయి ఉంటాడు. పిలిచేది ముందు, ఇచ్చేది తర్వాత పెట్టాలి. రెండూ ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటే గ్రూపుగా కట్టి పదేపదే చూడమనాలి.

సి పేరు, సి ప్లస్ ప్లస్ పేరు

సి ప్లస్ ప్లస్‌లో ఒకే పేరుతో వేర్వేరు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్లు ఉండవచ్చు. అందుకని కంపైలర్ సింబల్ పేరులోకి ఆర్గ్యుమెంట్ల రకాలను కూడా దూర్చేస్తుంది. సి ఫైలులో పుట్టిన యూఐ_కాంప్_గెట్_చైల్డ్ ఆ పేరుతోనే ఉంటుంది. అదే పేరును సి ప్లస్ ప్లస్ ఫైలు అడిగితే ముందు అండర్‌స్కోర్, జెడ్, పేరులోని అక్షరాల లెక్క 17, వెనక రకాల సంకేతాలు తగిలి పొడుగాటి పేరవుతుంది. లింకర్‌కి ఈ రెండూ వేర్వేరు మనుషులు. హెడర్‌లో ఎక్స్‌టర్న్ ‘సి’ అనే చుట్టు ఉంటే ఈ మార్పు జరగదు. ఎల్‌వీజీఎల్ హెడర్లలో ఆ చుట్టు ఉంది. చేత్తో రాసుకున్న సొంత హెడర్లో, చేత్తో రాసిన ప్రకటనలో అది ఉండదు. ఆర్డువినో ఐఎన్ఓ ఫైళ్లు సి ప్లస్ ప్లస్‌గానే కంపైల్ అవుతాయి కనుక అక్కడ ఈ తప్పు మరీ ఎక్కువ.

గుర్తుపట్టడం తేలిక. లింకర్ సందేశంలో దొరకని పేరు తర్వాత కుండలీకరణాల్లో ఆర్గ్యుమెంట్ రకాలు కనిపిస్తే అడిగినవాడు సి ప్లస్ ప్లస్. ఉత్త పేరే కనిపిస్తే సి పేరు కోసమే అడిగినట్టు. ఫంక్షన్ నిజంగా సి ఫైలులో ఉండి, సందేశంలో కుండలీకరణాలు ఉన్నాయంటే మందు ఎక్స్‌టర్న్ ‘సి’.

స్విచ్ ఆపిన విడ్జెట్లు

మెమరీ ఆదా కోసం ఎల్‌వీజీఎల్‌లో ప్రతి విడ్జెట్‌కీ కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక స్విచ్ ఉంది. లిస్ట్ విడ్జెట్ స్విచ్ సున్నా అయితే దాని ప్రకటనా, కోడూ రెండూ మాయమవుతాయి. పేరు పెట్టి పిల్లను వెతికే సదుపాయం తొమ్మిదో తరంలో వచ్చింది, దానికీ వేరే స్విచ్ ఉంది. ప్రకటన కూడా లేనప్పుడు కంపైలర్ దగ్గరే ఆగాలి కదా అనిపిస్తుంది. 1999 నాటి సి ప్రమాణమే ప్రకటన లేని పిలుపును తీసేసినా, జీసీసీ దశాబ్దాల పాటు దాన్ని హెచ్చరికగానే వదిలింది. వందల హెచ్చరికల మధ్య అది కొట్టుకుపోయి, చివరికి లింకర్ దోషంగా తేలేది. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి అది నేరుగా కంపైలర్ దోషం. పాత కంపైలర్ మీద ఉన్నవారు ఆ హెచ్చరికను దోషంగా మార్చే ఫ్లాగ్ పెట్టుకోవడం మేలు. ఇంకో చిన్న ఉచ్చు: కాన్ఫిగరేషన్ నమూనా ఫైలు మొదట్లోనే మొత్తాన్ని ఆపి ఉంచే సున్నా ఒకటి ఉంటుంది. దాన్ని ఒకటి చేయడం మరిచిపోతే కింద మార్చిన స్విచ్‌లేవీ పనిచేయవు.

ఇద్దరు యజమానులు

ఎదురు దోషం ‘మల్టిపుల్ డెఫినిషన్’. పిల్ల పాయింటర్‌ను హెడర్‌లో ఎక్స్‌టర్న్ లేకుండా ప్రకటిస్తే, ఆ హెడర్‌ను తెచ్చుకున్న ప్రతి ఫైలులోనూ ఒక్కో వేరియబుల్ పుడుతుంది. జీసీసీ 9 వరకు వాటిని కామన్ అనే ఉమ్మడి ఖాతాలో వేసి, లింకర్ ఒకటిగా కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 ఆ ఉమ్మడి ఖాతాను అప్రమేయంగా మూసేసింది. ఏళ్ల తరబడి నడిచిన తెరల ప్రాజెక్టులు టూల్‌చెయిన్ మార్చగానే ఒక్కసారిగా పదుల దోషాలు చూపడానికి ఇదే కారణం. పాత ప్రవర్తనను తిరిగి తెచ్చే ఫ్లాగ్ ఉంది, కానీ హెడర్‌లో ఒక్క మాట చేర్చి, ఒకే ఒక డాట్ సి ఫైలులో నిర్వచనం పెడితే పని శుభ్రంగా అయిపోతుంది.

ఇతర టూల్‌కిట్లు

క్యూట్‌లో పిల్లను ఫైండ్‌చైల్డ్ అనే టెంప్లేట్ ఫంక్షన్‌తో వెతుకుతారు. వెతికే క్లాసుకు మెటా ఆబ్జెక్ట్ అనే వర్ణన కావాలి, దాన్ని తయారుచేసేది మాక్ అనే ముందస్తు సాధనం. క్లాసులో క్యూ_ఆబ్జెక్ట్ మాక్రో రాసి, మాక్ నడవకపోతే స్టాటిక్‌మెటాఆబ్జెక్ట్ దొరకలేదనో, వీటేబుల్ దొరకలేదనో లింకర్ అంటుంది. సందేశంలో విడ్జెట్ క్లాసు పేరు ఉంటుంది గానీ లోపం బిల్డ్ మెట్టుది. జీటీకేలో పిల్లల జాబితా ఇచ్చే జీటీకే_కంటెయినర్_గెట్_చిల్డ్రన్ 2020లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో పోయింది, మొదటి పిల్లతో మొదలుపెట్టి పక్కవారిని అడుగుతూ పోవాలి.

సెగ్గర్ వారి ఎమ్‌విన్‌లో పిల్లను డబ్ల్యూఎం_గెట్‌డైలాగ్ఐటెమ్ అనే ఫంక్షన్ గుర్తింపు నంబరుతో తెస్తుంది. ఇది తరచుగా ముందే కంపైలైన లైబ్రరీగా చేతికొస్తుంది కనుక అక్కడ పేరు దొరికినా పొసగక దోషం రావచ్చు. ఆర్మ్ చిప్పుల మీద దశాంశ సంఖ్యలను ఏ రిజిస్టర్లలో పంపాలన్న ఒప్పందం రెండు రకాలు. ప్రాజెక్టు ఒకదానిలో, లైబ్రరీ మరోదానిలో కట్టి ఉంటే, ఒకటి వీఎఫ్‌పీ రిజిస్టర్లు వాడుతోంది, మరొకటి వాడడం లేదు అంటూ గ్నూ లింకర్ ఆపేస్తుంది. డెన్మార్క్‌లో పుట్టి 2018లో ఎస్‌టీమైక్రోఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్లిన టచ్‌జీఎఫ్ఎక్స్‌కీ ఇదే మాట వర్తిస్తుంది.

వెతికే పద్ధతి

చేతిలో ఉండవలసిన మొదటి సాధనం ఎన్ఎం. ఆబ్జెక్ట్ ఫైలును దానికి ఇస్తే సింబళ్ల పట్టిక చూపుతుంది, ప్రతి పేరు పక్కనా ఒక అక్షరంతో. యూ అంటే కావాలి. పెద్ద టీ అంటే ఇక్కడుంది, అందరికీ ఇస్తాను. చిన్న టీ అంటే ఉంది గానీ స్టాటిక్, బయటివారికి లేదు. బీ అంటే సున్నాతో మొదలయ్యే గ్లోబల్ వేరియబుల్, యూఐ పాయింటర్లన్నీ దీని కింద కనిపిస్తాయి. మైక్రోకంట్రోలర్ టూల్‌చెయిన్‌తో వచ్చిన ఎన్ఎంనే వాడాలి.

థర్మోస్టాట్ కథకే వద్దాం. లింకర్ యూఐ_కాంప్_గెట్_చైల్డ్ దొరకలేదంది. బిల్డ్ ఫోల్డరులో యూఐ_కాంప్ ఆబ్జెక్ట్ ఫైలు ఉందా అని చూడాలి. లేకపోతే కథ అక్కడే ముగిసింది, ఫైలు బిల్డ్‌లోకి రాలేదు. ఉంటే దాని మీద ఎన్ఎం నడపాలి. పేరు పక్కన పెద్ద టీ ఉంటే, పిలిచిన ఫైలు మీద కూడా నడిపి యూ పక్కనున్న పేరును దీనితో అక్షరం అక్షరం పోల్చాలి. ఒకటి ఉత్త పేరు, మరొకటి జెడ్, 17 తగిలించుకున్న పేరు అయితే భాషల పేచీ. రెండూ ఒకటే అయితే లైబ్రరీల వరస. చిన్న టీ ఉంటే ఎవరో స్టాటిక్ చేశారు. ఏ పేరూ లేకపోతే స్విచ్ ఆగి ఉంది, లేదా వెర్షన్ వేరు. ఐదు నిమిషాల పని. ప్రాజెక్టు మొత్తం తుడిచి మళ్లీ కట్టడం దీనికంటే ఎక్కువ సమయం తీసుకుంటుంది, పైగా కారణం చెప్పదు.

లింకర్ రాసిచ్చే మ్యాప్ ఫైలు రెండో సాధనం. ఏ లైబ్రరీలోంచి ఏ సభ్యుడు ఎవరి కోసం వచ్చాడో అందులో ఉంటుంది. ఒకే ప్రాజెక్టులో రెండు ఎల్‌వీజీఎల్ కాపీలు, ఒకటి లైబ్రరీ మేనేజర్ తెచ్చింది, ఒకటి చేత్తో కాపీ చేసింది, కలిసి కాపురం చేస్తున్న సంగతి అక్కడే బయటపడుతుంది.

లింక్ అయిన తర్వాత

దోషం పోయి బైనరీ తయారయ్యాక పిల్ల విషయం మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి పరికరం లోపల. లేని వరస సంఖ్య ఇస్తే ఎల్‌వీ_ఆబ్జ్_గెట్_చైల్డ్ నల్ ఇస్తుంది. యూఐ_ఇనిట్ పిలవక ముందే కాంపొనెంట్ పిల్లను అడిగితే ఈవెంట్ నంబరే ఇంకా నమోదు కాలేదు, తెర పాయింటర్ కూడా నల్. ఆ పాయింటర్‌తో లేబుల్ రాత మార్చబోతే ఈఎస్‌పీ32 మీద గురు మెడిటేషన్ సందేశంతో, ఎస్‌టీఎం32 మీద హార్డ్‌ఫాల్ట్‌తో ప్రోగ్రాము కూలిపోతుంది. తెర మారినప్పుడు పాత తెరను తుడిచేసే అమరిక ఉంటే, తల్లితో పాటు పిల్లలూ పోతారు. అంతకుముందు దాచుకున్న చిరునామా మాత్రం వేరియబుల్‌లో అలాగే ఉంటుంది, ఆ మెమరీలోకి ఈపాటికి ఇంకో విడ్జెట్ వచ్చి చేరి ఉండవచ్చు.